1420 మెగాహెర్ట్జ్ రిసీవర్‌లో హోరు తగ్గడం లేదు. ట్రాన్సిస్టర్ మార్చాలా?

పర్లా_మాస్టారు (పర్లాకిమిడి)
సెప్టెంబర్ 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. వేసవి నుంచి ఆరుగురు పిల్లలతో కలిసి మా డాబా మీద ఒక హార్న్ యాంటెన్నా కట్టాం. 15 కిలోల నూనె డబ్బా, దాని మూతికి థర్మాకోల్ షీట్ల మీద అల్యూమినియం రేకు అంటించిన గరాటు, డబ్బా లోపల 5 సెంటీమీటర్ల రాగి తీగ. పాలపుంతలోని హైడ్రోజన్ 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర పంపే 21 సెంటీమీటర్ల తరంగాన్ని పట్టాలని మా ఆశ. 1951లో హార్వర్డ్‌లో ఎవెన్, పర్సెల్ దీన్ని మొదటిసారి పట్టుకున్నది కిటికీలోంచి బయటికి పెట్టిన హార్న్‌తోనే అని చెప్పి పిల్లల్ని ఊరించాను.

మూడు వారాలైంది. స్క్రీన్ మీద హోరు తప్ప ఏమీ లేదు. మా ఎల్ఎన్ఏ (హార్న్ పట్టిన సన్నని సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్) నాయిస్ ఫిగర్, అంటే అది తనంతట కలిపే హోరుకి కొలత, 0.8 డీబీ (డెసిబెల్) అని దానితో వచ్చిన కాగితంలో ఉంది. 0.4 డీబీ ట్రాన్సిస్టర్ ఉన్నది కొంటే పని అవుతుందా? ఇప్పటిదాకా పెట్టిన ఖర్చంతా నాదే. ఇంకోసారి పెట్టే ముందు తెలిసినవాళ్ళని అడగాలనిపించింది.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)
సెప్టెంబర్ 6, రాత్రి 10:05

మాస్టారూ, ఎల్ఎన్ఏ ఎక్కడ పెట్టారు? డాబా మీద హార్న్ దగ్గరా, కింద గదిలోనా?


పర్లా_మాస్టారు
సెప్టెంబర్ 6, రాత్రి 10:12

కింద గదిలో, ల్యాప్‌టాప్ పక్కన. వానలకి తడిసిపోతుందని భయం. హార్న్ నుంచి గదికి 10 మీటర్ల ఆర్‌జీ-6 కేబుల్ దించాను, టీవీకి వాడేదే. అక్కడ ఎల్ఎన్ఏ, దాని వెనక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, ల్యాప్‌టాప్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్.


బరంపురం_టవర్ (బరంపురం, గంజాం జిల్లా)
సెప్టెంబర్ 7, ఉదయం 6:30

మాస్టారూ, మీ ట్రాన్సిస్టర్‌ది తప్పేం లేదు. దాని ముందున్న కేబుల్‌ది తప్పు. ముప్పై ఏళ్ళు మైక్రోవేవ్ స్టేషన్లలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కాస్త లెక్కతోనే చెబుతాను.

డీబీలు పక్కన పెట్టి కెల్విన్లలో చూడండి. నాయిస్ ఫిగర్ నిష్పత్తిలోంచి ఒకటి తీసేసి 290తో హెచ్చవేస్తే నాయిస్ టెంపరేచర్ వస్తుంది. 0.8 డీబీ అంటే 59 కెల్విన్లు. 3 డీబీ అయితే 290కి ఒక్కటి తక్కువ. కేబుల్‌కీ ఇదే లెక్క. 10 మీటర్ల ఆర్‌జీ-6 ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర సుమారు 2.5 డీబీ తింటుంది. తినడం ఒక్కటే అయితే వెనక యాంప్లిఫై చేసుకోవచ్చు. కానీ అది గది వేడిలో ఉన్న వస్తువు, తన వేడికి తగ్గ నాయిస్‌ని తానూ పోస్తుంది. 2.5 డీబీకి 226 కెల్విన్లు. అంతటితో పోలేదు. కేబుల్ వెనక ఉన్న ప్రతిదాని నాయిస్ 1.78 రెట్లు పెద్దదై కనిపిస్తుంది. డాంగిల్ నాయిస్ ఫిగర్ 6 డీబీ, ఎల్ఎన్ఏ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే లెక్క) 16 డీబీ అనుకుంటే మీ మొత్తం 370 కెల్విన్ల దగ్గర తేలుతుంది.

ఇప్పుడు మీరు డబ్బు పెట్టి 0.4 డీబీది కొని అదే గదిలో పెట్టారనుకోండి. 370 కాస్తా 315 అవుతుంది, అంతే. కొనకుండా ఉన్న ఎల్ఎన్ఏనే హార్న్ మెడకి తగిలిస్తే 105కి దిగుతుంది.

ఇది హెరాల్డ్ ఫ్రిస్ 1944లో రాసిన సూత్రం. మొదటి మెట్టు నాయిస్ మొత్తం మీ నెత్తిన పడుతుంది, రెండో మెట్టుది మొదటి దాని గెయిన్‌తో భాగించి పడుతుంది. మా స్టేషన్లలో అందుకే యాంటెన్నా నుంచి కేబుల్ బదులు వేవ్‌గైడ్, అంటే తరంగాలు లోపల పోయే బోలు లోహపు గొట్టం, దించేవాళ్ళం. చెమ్మ చేరకుండా దాంట్లోకి పొడిగాలి పంపు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. రాత్రి డ్యూటీలో ఆ పంపు చప్పుడు ఆగితే చాలు, నిద్రలోంచి లేచి కూర్చునేవాళ్ళం.

వాన భయానికి ఎల్ఎన్ఏని టిఫిన్ డబ్బాలో పెట్టి, కేబుల్ వచ్చే కన్నం కిందివైపు ఉంచండి. కరెంటు అదే కేబుల్‌లో పైకి పంపవచ్చు, బయాస్-టీ అంటారు.


గుణుపురం_గోపి (గుణుపురం, రాయగడ జిల్లా)
సెప్టెంబర్ 7, ఉదయం 8:15

బాబాయ్ గారూ, నేను డిష్‌లు బిగించే పని చేస్తాను. మీరు చెప్పింది చదివాక ఒక సందేహం. ఇళ్ళ మీది చిన్న డిష్ ముందు కొసన ఉండే కేయూ బ్యాండ్ ఎల్ఎన్‌బీ (సిగ్నల్‌ని పట్టి పెంచే ముక్క) మీద 0.1 డీబీ అని ఉంటుంది. పాత పెద్ద డిష్‌ల సీ బ్యాండ్ ఎల్ఎన్‌బీ మీదేమో 17 కె అని ఉంటుంది. ఈ రెండూ ఒకటేనా? అంత మంచిదైతే వంశధార మీద మబ్బు కమ్మగానే బొమ్మ ఎందుకు పోతుంది?


బరంపురం_టవర్
సెప్టెంబర్ 7, ఉదయం 9:02

రెండూ ఒకే కొలత, భాష వేరు. 17 కెల్విన్లు అంటే పావు డీబీ. 0.1 డీబీ అంటే 7 కెల్విన్లు. మామూలు ఎండలో వేలాడే 12 గిగాహెర్ట్జ్ ఎల్ఎన్‌బీకి 7 కెల్విన్లు రావు బాబూ. ఆ స్టిక్కర్‌ని నేను నమ్మను.

వాన సంగతి. చినుకులు సిగ్నల్‌ని ఆపుతాయని అందరికీ తెలుసు. అవి వెచ్చటివి కాబట్టి కేబుల్ లాగే నాయిస్ కూడా పోస్తాయి. నిర్మలమైన ఆకాశంలో ఎల్ఎన్‌బీ 50, డిష్ 30, మొత్తం 80 కెల్విన్లు అనుకో. 3 డీబీ తినే వాన పడితే ఆ వానే 137 కెల్విన్లదాకా తెచ్చి కలుపుతుంది, మొత్తం 200 దాటుతుంది. సిగ్నల్ 3 డీబీ పడింది, నాయిస్ 4 డీబీ లేచింది. మొత్తం 7 డీబీ పోయినట్టు. ఎల్ఎన్‌బీ ఎంత మంచిదైతే వానలో తేడా అంత ఎక్కువగా తెలుస్తుంది. నాసిరకం ఎల్ఎన్‌బీ ఎండలోనే సగం వానలో ఉన్నట్టు పనిచేస్తుంది.


పర్లా_మాస్టారు
సెప్టెంబర్ 14, సాయంత్రం 7:20

బాబాయ్ గారూ, మీ మాట మీద ఎల్ఎన్ఏని పైకి ఎక్కించాం. మహేంద్రతనయ వచ్చి కొలిచే పద్ధతి చూపించాడు. హార్న్ మూతిని నేలకి తిప్పితే 300 కెల్విన్లు, ఆకాశానికి తిప్పితే పక్కల నుంచి వచ్చేదంతా కలిపి 15 అనుకున్నాం. రెండింటి మధ్య పవర్ తేడా చూడాలి. రిసీవర్ ఎంత నిశ్శబ్దంగా ఉంటే తేడా అంత పెద్దది.

ఎల్ఎన్ఏ గదిలో ఉన్నప్పుడు: 2.4 డీబీ. అంటే 370 కెల్విన్లు.
హార్న్ మెడ దగ్గర పెట్టాక: 5.3 డీబీ. 104 కెల్విన్లు.
దాని వెనకే అలాంటిదే ఇంకొకటి తగిలించాక: 6.5 డీబీ. 67 కెల్విన్లు.

మీ అంచనా 105, మాకు వచ్చింది 104. ఒక పిల్ల ఆ అంకెని నోట్‌బుక్‌లో రాసుకుని చుట్టూ రెండుసార్లు గీత గీసింది. సూత్రం పుస్తకంలో చదవడం వేరు, అది డాబా మీద ఇలా నిజం కావడం వేరు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. ఈ 67లో 59 ట్రాన్సిస్టర్‌దే. ఇక దాన్ని తగ్గించాలంటే ట్రాన్సిస్టర్ లోపల ఏం మారాలి? 0.8కీ 0.4కీ తేడా ఎక్కడ పుడుతుంది?


రాయగడ_శ్రీలత (రాయగడ)
సెప్టెంబర్ 15, రాత్రి 11:10

మాస్టారూ, మాది రాయగడే. హైదరాబాద్‌లో గాలియం ఆర్సెనైడ్ పరికరాల మీద కొన్నేళ్ళు పనిచేశాను. మీ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది, కాస్త పెద్ద జవాబు రాస్తాను.

ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్‌లో సోర్స్ నుంచి డ్రెయిన్‌కి ఎలక్ట్రాన్లు ఒక సన్నని దారిలో పోతాయి. పైనున్న గేటు ఆ దారిని ఇరుకు చేస్తుంది, వెడల్పు చేస్తుంది. నాయిస్ మొదట పుట్టేది మామూలు రెసిస్టెన్స్‌లో. గేటు లోహానికి కొంత రెసిస్టెన్స్ ఉంది, సోర్స్ దగ్గర లోహం సెమీకండక్టర్‌ని తాకే చోట కొంత ఉంది. రెసిస్టెన్స్ ఉన్నచోట వేడి వల్ల నాయిస్ ఉంటుందని 1928లో జాన్సన్ కొలిచి చూపించాడు, నైక్విస్ట్ లెక్క కట్టాడు. ఈ రెండూ సిగ్నల్ ఇంకా పెరగకముందే దారిలో నిలబడి ఉంటాయి, అచ్చం మీ కేబుల్ లాగే. మీరు డాబా మీద 10 మీటర్ల కేబుల్ తీసేశారు. చిప్ లోపల మేం చేసేదీ అదే పని, మైక్రాన్లలో.

ఇక ఎలక్ట్రాన్ల దారిది వేరే కథ. అక్కడ విద్యుత్ క్షేత్రం చాలా బలంగా ఉంటుంది. ఎలక్ట్రాన్లు చిప్ కంటే ఎంతో వేడెక్కినట్టు కొట్టుకుంటాయి. 1989లో పోస్పియెషల్‌స్కీ ఇచ్చిన నమూనాలో గేటు వైపు నాయిస్‌కి చిప్ ఉష్ణోగ్రతే సరిపోతుంది, డ్రెయిన్ వైపు మాత్రం వేల కెల్విన్లు పెట్టాల్సి వస్తుంది. అయితే ఆ నాయిస్ ట్రాన్సిస్టర్ గెయిన్ తర్వాత వచ్చేది కాబట్టి, ట్రాన్సిస్టర్ వేగంగా ఉంటే ఇన్‌పుట్ వైపు నుంచి చూసినప్పుడు చిన్నదై కనిపిస్తుంది. ఫ్రిస్ సూత్రమే, ఒక్క ట్రాన్సిస్టర్ లోపల.

1979లో ఫుకుయి ఇదంతా ఒక్క వరసలో రాశాడు. మీరు వాడే ఫ్రీక్వెన్సీని ట్రాన్సిస్టర్ హద్దు ఫ్రీక్వెన్సీతో (అది దాటితే ట్రాన్సిస్టర్ కరెంటుని పెంచలేదు) భాగించి, దాన్ని గేటు, సోర్స్ రెసిస్టెన్స్‌ల మొత్తానికీ ట్రాన్స్‌కండక్టెన్స్‌కీ (గేటు వోల్టేజీ మారితే డ్రెయిన్ కరెంటు ఎంత మారుతుందనే కొలత) ఉన్న లబ్ధపు వర్గమూలంతో హెచ్చవేస్తే, అదనపు నాయిస్ దానికి తగ్గట్టు ఉంటుంది. అంటే హద్దు ఫ్రీక్వెన్సీ పెంచాలి, ఆ రెండు రెసిస్టెన్స్‌లూ దించాలి.

హద్దు పెంచడానికి గేటు పొడవు తగ్గించాలి. ఇక్కడే చిక్కు. పావు మైక్రాన్, పదో వంతు మైక్రాన్ అని గేటుని సన్నం చేస్తూ పోతే ఆ లోహపు గీత రెసిస్టెన్స్ పెరిగిపోతుంది. ఒక చేత్తో తగ్గించిన నాయిస్‌ని ఇంకో చేత్తో తెచ్చుకున్నట్టు. దీనికి దొరికిన ఉపాయం పుట్టగొడుగు గేటు. కాడ సన్నగా సెమీకండక్టర్‌ని తాకుతుంది, పైన గొడుగు వెడల్పుగా ఉండి కరెంటుని మోస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ముక్కని పక్కనుంచి చూస్తే అచ్చం వాన తర్వాత గడ్డివాము కింద లేచిన పుట్టగొడుగే. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ స్క్రీన్ ముందు నుంచి లేవలేదు. ఇంకోటి, ఒకే పొడుగు గేటు బదులు దాన్ని వేళ్ళలా చీల్చి పక్కపక్కన పెడతారు. మొత్తం వెడల్పు అంతే ఉంచి నాలుగు వేళ్ళు చేస్తే గేటు రెసిస్టెన్స్ పదహారో వంతు అవుతుంది.

ఎలక్ట్రాన్ల వేగం గురించి కూడా చెప్పాలి. మెస్‌ఫెట్ అనే పాత రకం గాలియం ఆర్సెనైడ్ ట్రాన్సిస్టర్‌లో ఎలక్ట్రాన్లను ఇచ్చే సిలికాన్ అణువులు దారి మధ్యలోనే ఉంటాయి. ఎలక్ట్రాన్‌ని వదిలాక అవి ధనావేశంతో మిగిలి, పోయే ప్రతి ఎలక్ట్రాన్‌నీ పక్కకి లాగుతాయి. మన ఊళ్ళో సంత రోజు గుర్తు చేసుకోండి. దుకాణాలు నడివీధిలోనే పరిచి ఉంటే జనం ఎంత నెమ్మదిగా, ఎంత తోసుకుంటూ నడుస్తారు! దుకాణాలన్నీ పక్క సందులోకి మార్చి వీధి ఖాళీ చేస్తే? 1978లో బెల్ ల్యాబ్స్‌లో డింగిల్ బృందం అదే చేసింది. దాత అణువుల్ని అల్యూమినియం కలిసిన పొరలో పెట్టింది. ఎలక్ట్రాన్లు పక్కనున్న శుద్ధమైన పొరలోకి జారి అక్కడ పల్చని పరుపులా పరుచుకున్నాయి. 1979లో ఫుజిట్సులో తకాషి మిమురా దీన్ని ట్రాన్సిస్టర్‌గా మలిచే ఆలోచన చేశాడు, మరుసటేడు పరికరం బయటికొచ్చింది. అదే హెచ్‌ఈఎంటీ, హెమ్ట్ అంటాం. మొదట్లో దాన్ని వాడుకున్నవాళ్ళలో రేడియో ఖగోళవాళ్ళున్నారు, 1985లో జపాన్‌లోని నొబెయామాలో. 1989లో వాయేజర్ 2 నెప్ట్యూన్ దగ్గరికి వెళ్ళినప్పుడు అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోప్ 27 డిష్‌లకీ 8.4 గిగాహెర్ట్జ్ హెమ్ట్ రిసీవర్లు బిగించి ఆ సన్నని సిగ్నల్ అందుకున్నారు.

గోపి అడిగిన ఎల్ఎన్‌బీలో కూడా ఉండేది ఆ జాతి ట్రాన్సిస్టరే. మీ ఇంటి మీద ఉన్న వస్తువు తమ్ముడూ.


సిరొంచ_విద్యార్థి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
సెప్టెంబర్ 16, ఉదయం 7:45

శ్రీలతక్కా, చదువుతుంటే ఆపాలనిపించలేదు. మాది మహారాష్ట్ర అంచు, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. వేడి వల్లే నాయిస్ అయితే ఎండాకాలం రిసీవర్ పాడవుతుందా? ఐస్ పెట్టె కట్టి ఎల్ఎన్ఏని దాంట్లో పెడితే లాభం ఉంటుందా? మన పుణె జిల్లా ఖోడద్‌లో జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ 30 డిష్‌లకీ అలా చల్లబరుస్తారా?


రాయగడ_శ్రీలత
సెప్టెంబర్ 16, రాత్రి 10:30

లెక్క కెల్విన్లలోనే చూడు తమ్ముడూ. 45 డిగ్రీలు అంటే 318, ఐస్ 273. చిప్ నాయిస్ 50 కెల్విన్లు అనుకుంటే ఐస్‌తో ఓ ఏడెనిమిది తగ్గవచ్చు. దానికి బదులు చెమ్మ పట్టి సర్క్యూట్ పాడవుతుంది. డబ్బాకి తెల్ల రంగు వేసి నీడలో పెట్టు, అది చాలు.

నిజంగా చల్లబరచాలంటే 20 కెల్విన్ల దాకా పోవాలి, హీలియం రిఫ్రిజిరేటర్‌తో. అప్పుడు హెమ్ట్ నాయిస్ ఐదు నుంచి పది రెట్లు పడిపోతుంది. అంతకంటే చల్లగా చేసినా పెద్ద లాభం లేదు, ఎందుకంటే నేను చెప్పిన డ్రెయిన్ వైపు వేడి చిప్‌తో పాటు చల్లారదు. జీఎంఆర్‌టీ పనిచేసే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఆకాశమే గట్టిగా హోరెత్తుతుంది. అక్కడ ఎల్ఎన్ఏని అంతగా చల్లబరిచినా ప్రయోజనం కొద్దే. అక్కడి నుంచి 1420 వైపు పైకి పోయేకొద్దీ ఆకాశం చల్లబడుతుంది, అప్పుడు ట్రాన్సిస్టర్ లోపం బయటపడుతుంది.


గుణుపురం_గోపి
సెప్టెంబర్ 17, మధ్యాహ్నం 1:20

చల్లదనం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా బావ ఊళ్ళు తిరిగి ఆవులకి కృత్రిమ గర్భధారణ చేస్తాడు. వీర్యం స్ట్రాలు ఉంచడానికి ఆయన దగ్గర లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ ఉంటుంది. మాస్టారి పనికి అదేమైనా ఉపయోగపడుతుందా?


రాయగడ_శ్రీలత
సెప్టెంబర్ 17, మధ్యాహ్నం 2:05

ఉపయోగమా! కొలతకి అంతకంటే మంచిది దొరకదు. ఎల్ఎన్ఏని ముంచవద్దు. ఒక 50 ఓంల టెర్మినేషన్‌ని (కేబుల్ కొసన బిగించే రెసిస్టర్) చిన్న గట్టి కేబుల్‌తో ఎల్ఎన్ఏకి తగిలించి, ఆ టెర్మినేషన్‌ని మాత్రం నైట్రోజన్‌లో ముంచాలి. అది సరిగ్గా 77 కెల్విన్ల నాయిస్ ఇస్తుంది. బయటికి తీస్తే 300. ఆకాశం 15 అని ఊహించక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. మూసిన గదిలో వద్దు, డాబా మీదే చేయండి. ఆ వాయువు గాలిని తోసేస్తే ఊపిరి ఆగిపోయేది మనకి తెలియదు. మూత బిగించిన సీసాలో అసలే పోయకూడదు, పేలుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పిల్లలు దూరంగా నిలబడాలి.


పర్లా_మాస్టారు
సెప్టెంబర్ 28, రాత్రి 8:50

గోపీ, మీ బావగారికి మా అందరి తరఫునా నమస్కారం చెప్పు. ఆదివారం ఉదయం గుణుపురం రైల్లో క్యాన్‌తో వద్దామనుకుంటే నేనే వద్దని చెప్పి, బండి మీద నిలబెట్టి తెప్పించాను. థర్మాకోల్ గ్లాసులో రెండు గరిటెలంత పోశాడు. పొగలు డాబా గచ్చు మీద నీళ్ళలా పారాయి. టెర్మినేషన్ ముంచగానే గ్లాసు చిటచిటలాడి, అర నిమిషంలో సద్దుమణిగింది. స్క్రీన్ మీద గీత మెల్లగా దిగి ఒకచోట నిలిచింది. 4.2 డీబీ. అంటే ఎల్ఎన్ఏ వరుస ఒక్కటే 60 కెల్విన్లు. హార్న్‌తో 67 వచ్చింది కాబట్టి మిగతా ఏడూ నా డబ్బా అతుకుల్లో పోతున్నాయన్నమాట.

ఇంకో సంగతి. శ్రీలతమ్మ రాసింది చదివాక సొంతంగా ఎల్ఎన్ఏ కడదామని ఏటీఎఫ్-54143 అనే ట్రాన్సిస్టర్లు మూడు తెప్పించాను. 2 గిగాహెర్ట్జ్ దగ్గర 0.5 డీబీ అని డేటాషీట్. ఇది ఎన్‌హాన్స్‌మెంట్ రకం కాబట్టి గేటుకి మైనస్ వోల్టేజీ గొడవ లేదు. రెండింటిని నేనే చంపాను. టంకం కొట్టే ఇనుముకి ఎర్త్ లేదు, ముట్టుకోగానే గేటు పోయింది. మూడోది బతికింది గానీ 60 మిల్లీ ఆంప్స్ దగ్గర ఏ సిగ్నలూ లేకుండానే దానంతటది డోలనం చేస్తూ కూత పెడుతోంది. స్క్రీన్ నిండా పిచ్చి గీతలు. ఏం చేయాలి?


రాయగడ_శ్రీలత
సెప్టెంబర్ 28, రాత్రి 11:15

సోర్స్ కాళ్ళు గ్రౌండ్‌కి ఎంత దూరంలో ఉన్నాయి మాస్టారూ? ఆ కాలి పొడవు ఒక చిన్న ఇండక్టర్. కొద్దిగా ఉంటే మేలు చేస్తుంది. నాయిస్ తక్కువ రావడానికి గేటు ముందు ఉండాల్సిన ఇంపెడెన్స్ (ఏసీకి ఎదురయ్యే అడ్డు), పవర్ ఎక్కువ అందడానికి ఉండాల్సిన ఇంపెడెన్స్ వేర్వేరు కదా, ఆ రెండింటినీ దగ్గరికి తెస్తుంది. మరీ ఎక్కువైతే పై ఫ్రీక్వెన్సీల్లో కూత. కాలి పక్కనే కన్నం చేసి రాగి తీగతో కింది రేకుకి కలపండి, రెండు వైపులా. డ్రెయిన్‌లో 10 ఓంలు సిరీస్‌లో పెట్టండి. అక్కడ పెట్టిన రెసిస్టర్ వల్ల నాయిస్ దాదాపు పెరగదు, గేటు వైపు పెడితే మాత్రం అంతా పోతుంది.


పర్లా_మాస్టారు
అక్టోబర్ 5, రాత్రి 9:00

కూత ఆగింది. నైట్రోజన్‌తో కొలిస్తే 4.5 డీబీ, అంటే 45 కెల్విన్లు. డేటాషీట్ ప్రకారం ఈ ఫ్రీక్వెన్సీకి 28, 30 రావాలి కదా అమ్మా?


రాయగడ_శ్రీలత
అక్టోబర్ 5, రాత్రి 9:25

డేటాషీట్ ట్రాన్సిస్టర్ గురించి చెబుతుంది, మీ ఇన్‌పుట్ కాయిల్ గురించి చెప్పదు. ఆ కాయిల్, ఫైబర్‌గ్లాస్ బోర్డు మీద గీత కలిసి 0.2 డీబీ తిన్నా 14 కెల్విన్లు. చిప్ కాయిల్ తీసేసి గాలిలో చుట్టిన రాగి కాయిల్ పెట్టి చూడండి. మొదటిసారికి 45 చాలా మంచి అంకె మాస్టారూ. నిజంగా చెబుతున్నాను.


పర్లా_మాస్టారు
అక్టోబర్ 16, రాత్రి 10:40

దసరా సెలవులు. ఈ సాయంత్రం 7 గంటలకి హంస మండలం ఉత్తరాన, నడినెత్తికి కాస్త కిందగా ఉండగా హార్న్ అటు పెట్టాం. డెనెబ్ నక్షత్రం సూటిలో. పది నిమిషాలు సగటు తీసి, నేల వైపు తీసిన గీతతో భాగించాం.

గీత మీద హైడ్రోజన్ గూను కనిపించింది. ఒక డీబీకి కాస్త పైన. దాని పక్కన, సుమారు 190 కిలోహెర్ట్జ్ పైన ఇంకో చిన్న గూను. సెకనుకి ఒక కిలోమీటరు వేగానికి 4.7 కిలోహెర్ట్జ్ లెక్కన ఆ హైడ్రోజన్ మొదటి దానికంటే సెకనుకి 40 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది. అది పాలపుంత సుడి భుజాల్లో ఒకటైన పెర్సియస్ భుజం. పిల్లలు ఆ లెక్క ముగ్గురు మూడుసార్లు వేశారు.

ఆగస్టులో కూడా ఇది అక్కడే ఉందని ఇప్పుడు అర్థమైంది. 370 కెల్విన్ల హోరు మీద అది పావు డీబీ మాత్రమే, డాంగిల్ సొంత ఎగుడుదిగుళ్ళలో కలిసిపోయింది.


బరంపురం_టవర్
అక్టోబర్ 16, రాత్రి 10:58

మాస్టారూ, ఆ గ్రాఫ్ ఇక్కడ పెట్టండి. మా మనవరాలికి చూపించాలి.


సిరొంచ_విద్యార్థి
అక్టోబర్ 17, ఉదయం 6:10

మాస్టారూ, నేనూ మొదలుపెడుతున్నాను. నూనె డబ్బా దొరికింది. గాలి కాయిల్‌కి ఎంత మందం తీగ, ఎన్ని చుట్లు?


పర్లా_మాస్టారు
అక్టోబర్ 17, ఉదయం 6:45

అర మిల్లీమీటరు తీగతో నాలుగు చుట్లు, 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మీద చుట్టాను. బిగించాక అగ్గిపుల్లతో చుట్లు దగ్గరికీ దూరానికీ జరుపుతూ నాయిస్ తక్కువ వచ్చిన చోట ఆపు. గెయిన్ ఎక్కువ వచ్చిన చోట ఆపకు, రెండూ ఒకచోట రావు. ఇనుముకి ముందు ఎర్త్ వైరు బిగించు బాబూ.